తలుపు ముందర పదకొండు నిమిషాలు

యూసఫ్‌గూడ చెక్‌పోస్ట్ వెనక
ఇస్త్రీ బండి మీది మూడో అంతస్తుల
నాకు రోజుకు ఎనిమిది వందలు,
ఆట ఆడినందుకు.

నేను ఆడుతుంటే వాళ్లు చూస్తరు.
డైరెక్టర్ కౌండిన్య, ఇద్దరు రైటర్లు,
నోట్స్ రాసుకునే ఒక పిలగాడు,
మూలకు కూసోని వైర్లు చుట్టుకునే ఇల్తెఫాత్ భాయ్.
పరదాలు మూసిన్రు. పట్టపగలు రాత్రి.
కిందికెళ్లి బొగ్గు వాసన,
తడిబట్ట మీద పెట్టె సుయ్యిమనే చప్పుడు.

పాత దవాఖాన. బయట మంచు. పొడుగు వసారా.
టార్చిల మూడు సెల్లుల వెలుతురు.
ఆ పిల్లకు పేరు లేదు, మాట లేదు.
నా బొటనవేలు కదిలితే నడుస్తది,
లేకుంటే ఉన్నకాడనే నిలబడతది.

"ఇంకోసారి చావు తమ్ముడూ, ఈసారి కొంచెం మెల్లగా"
అంటడు కౌండిన్య.
మెల్లగ సచ్చుడు నాకు చాతకాదు.
ఉరికి సచ్చిన, దాక్కొని సచ్చిన,
మెట్ల కింద సెల్లు అయిపోయి సచ్చిన.
నోట్స్ పిలగాడు లెక్కపెట్టిండు: రెండు వందల పద్నాలుగు.
సినిమాల ఒక్కటే సరిపోతదట.

ఆఖరుకు ఆ తలుపు.
పచ్చరంగు పెచ్చులూడిన తలుపు, ఇత్తడి గొళ్లెం.
అక్కడ ఆట ఏమీ అనదు. టైం పెట్టదు, తరుమదు.
తెరిస్తే తెరువు, లేకుంటే నిలబడు.
నేను నిలబడ్డ.
రైటర్లు ఫోన్లు తీసిన్రు.
ఉప్మా పొట్లం ఒకటి విప్పిన్రు, మళ్ల మూసిన్రు.
తెరవనంతసేపు దాని వెనక అన్నీ ఉన్నయి,
నైట్ డ్యూటీకెళ్లి మా నాయిన రాని తెల్లారి సుత.
పదకొండు నిమిషాలు.
"ఇది కట్" అన్నడు కౌండిన్య,
"తలుపు ముందు ఇంతసేపు ఎవడు నిలబడతాడు?"

ఆ తర్వాత ఆట ఆపి కథ మొదలువెట్టిన్రు.
మంచు పోయి గండిపేట మీది పొగ వచ్చింది.
దవాఖాన పోయి శంషాబాద్ దిక్కు ఫాంహౌస్ అయ్యింది.
పిల్లకు పేరొచ్చింది, ఒక చిన్నాయన వచ్చిండు,
ఆ చిన్నాయన చేసిన పాపం ఒకటి వచ్చింది.
చినిగిన చీరెకు అతుకు వేసినట్టు
భయానికి కారణం కుట్టిన్రు.
నా పని అయిపోయింది.
రెండు రోజుల పైసలు ఇంక రావాలె.

ఏడాదిన్నరకు
ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌ల మార్నింగ్ షో.
పేర్లు పడ్తుంటే చూసిన, చూడనట్టు.
మొదటి సగంల ఎవరూ భయపడలే. వెనక ఎవడో ఈల.
నా చేతులకు పని లేదు,
సుట్టాలింట్ల కూసున్నట్టు ఒళ్లె పెట్టుకున్న.
ఎడమకు పో అనుకుంటే ఆమె కుడికి వోయింది.
వెనకకు చూడు అనుకుంటే చూడలే.
పాప్‌కార్న్ డబ్బ మీద
బొటనవేలు దానంతటదే మెదులుతుంది.

అప్పుడొచ్చింది తలుపు.
హీరోయిన్ మొకం మీద చెమట, నీలం వెలుతురు.
మ్యూజిక్ ఆగింది.
ఒక ఊపిరి.
ముక్కు ఎడమ దిక్కు కొంచెం అడ్డంబడి
కొసకు సన్నగ ఈల లెక్క తెగే ఊపిరి.
జీడిమెట్ల పొగల పెరిగినోనికి ఉంటదే, అసొంటిది.
మా అమ్మ దాన్ని చీకట్ల సుత గుర్తువడ్తది.

ఇల్తెఫాత్ భాయ్
మూలకు కూసోని చుట్టినయి వట్టి వైర్లు కావు.

పక్క సీట్ల పిల్ల, ఎవరో ఏమో,
చున్నీ కొస నోట్ల పెట్టుకొని
నేను ఆపినకాడ ఆపుతుంది,
నేను విడిస్తే విడుస్తుంది.
ఇక్కడ కుర్చీల ఉన్న నాకు మాత్రం
శ్వాస తీయాలంటే భయమైతుంది,
రెండూ ఒక్కటేనని ఆమె పోల్చుకుంటదేమోనని.

పదకొండు నిమిషాలల్ల తెర మీదికి వచ్చినయి
ఆరు సెకండ్లు.
ఆమె చేయి గొళ్లెం మీదికి వోతుంది.
నేను డబ్బ మీద
వెనకకు, వెనకకు నొక్కుతున్న.